బాక్సు ఏనాడూ ఆగలేదు, మరి పుస్తకం ఎందుకు ఆగుతోంది?

ప్రశ్న: అక్కా, నాకు 32 ఏళ్లు. వనస్థలిపురంలో ఉంటాం. పంజాగుట్టలో ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. బాబు రెండో తరగతి. నాకు సెల్ఫ్ డిసిప్లిన్ అస్సలు లేదక్కా. పొద్దున ఐదింటికి లేవాలి, గ్రూప్-2కి చదవాలి, వాకింగ్ చేయాలి, రాత్రి ఫోన్ మానాలి, నెలకు ఐదు వేలు దాచాలి అని ప్రతి నెలా ఒకటో తారీఖున మొదలుపెడతాను. నాలుగు రోజులు బ్రహ్మాండంగా నడుస్తుంది. ఐదో రోజో ఆరో రోజో ఏదో ఒకటి అడ్డం పడుతుంది, ఇక మొత్తం వదిలేస్తాను. రాత్రి పన్నెండు దాకా రీల్స్ చూసి, పొద్దున నన్ను నేనే తిట్టుకుంటాను. మా తోటికోడలు నాలుగున్నరకే లేచి యోగా చేస్తుంది. మా ఆయనేమో 'డిసిప్లిన్ పుట్టుకతో రావాలి, నీకు లేదు' అంటారు. నిజమేనా? 21 రోజులు వరుసగా చేస్తే ఏదైనా అలవాటైపోతుందంటారు, నేను ఆరు రోజులు కూడా దాటట్లేదు. ఏం చేయమంటారు? పేరు వేయకండి.

సమాధానం: చెల్లీ, ముందు మీ ఆయన మాట సంగతి తేల్చేసి తర్వాత నీ దగ్గరికి వస్తాను. మీ బాబు రెండో తరగతి అంటే, నర్సరీ నుంచి లెక్కేసుకుంటే నాలుగేళ్ల పైనే నువ్వు పొద్దున్నే లేచి వాడికి టిఫిన్ పెట్టి, బాక్సు కట్టి, స్కూలుకు పంపి, ఆ తర్వాత నువ్వు తయారై ఆఫీసుకు పరిగెడుతున్నావు. ఇన్నేళ్లలో 'ఈరోజు మూడ్ లేదు' అని బాక్సు కట్టకుండా పంపిన రోజు ఒక్కటైనా ఉందా? జ్వరం వచ్చినా కట్టి ఉంటావు, ముందురోజు పెళ్లికి వెళ్లి అర్ధరాత్రి ఇల్లు చేరినా కట్టి ఉంటావు, సిలిండర్ అయిపోతే పక్కింటి వాళ్ల స్టవ్ మీద ఉప్మా కలిపైనా కట్టి ఉంటావు. దీన్ని ఇంట్లో ఎవరూ డిసిప్లిన్ అనరు. ఆడవాళ్లు రోజూ చేసే పనికి ఆ పేరు పెట్టే అలవాటు మనకు లేదు, అదే ఇంటాయన పది రోజులు వరుసగా వాకింగ్‌కి వెళ్తే చుట్టాలందరికీ తెలిసిపోతుంది. సరే, ఆ గొడవ తర్వాత చూద్దాం. పుట్టుకతోనే లేకపోతే బాక్సు దగ్గర ఎక్కడి నుంచి వచ్చిందట?

బాక్సు ఏ టైముకు సిద్ధం కావాలో నువ్వు నిర్ణయించవు, స్కూలు నిర్ణయిస్తుంది. దాని కోసం ఒక పిల్లాడు ఎదురుచూస్తుంటాడు. ఎంత పనో ముందే తెలుసు, రాత్రే కూరగాయలు తరిగి ఫ్రిజ్‌లో పెట్టుకుంటావు, పొద్దున లేచి ఆలోచించాల్సింది ఏమీ ఉండదు. ఫలితం మధ్యాహ్నానికే తెలిసిపోతుంది, ఖాళీ బాక్సు ఇంటికొస్తుంది. ఇక పుస్తకం దగ్గరికి రా. ఎవరూ ఎదురుచూడరు. టైము 'కాస్త ఖాళీ దొరికినప్పుడు'. పని ఎంతో తెలీదు, గ్రూప్-2 అంటే 4 పేపర్లు, ఒక్కోటి 150 మార్కులు, చరిత్ర దగ్గర్నుంచి ఎకానమీ దాకా, ఏ పేజీ తెరిచినా ఇంకా చదవనిదే ఎక్కువ కనిపిస్తుంది. ఫలితం ఎప్పుడో ఏళ్ల తర్వాత, అదీ వస్తే. ఈ రెండింటిలో ఏది రోజూ జరుగుతుందో ఎవరైనా చెప్పగలరు, దానికి నీ స్వభావాన్ని తిట్టుకోవాల్సిన పని లేదు. బాక్సుకు ఉన్న సదుపాయాల్లో కొన్నయినా పుస్తకానికి ఎలా కల్పించాలి అన్నదే నీ అసలు ప్రశ్న.

నువ్వు వీడియోల్లో వినే ఉంటావు, అమెరికాలో స్టాన్‌ఫర్డ్‌లో వాల్టర్ మిషెల్ అనే సైకాలజిస్టు చిన్నపిల్లల మీద చేసిన పరీక్ష. 1960ల చివర్లో మొదలైంది. పిల్లాడి ముందు ఒక మార్ష్‌మెలో మిఠాయి పెట్టి, నేను వచ్చేదాకా తినకుండా ఆగితే రెండు ఇస్తాను అని చెప్పి గదిలోంచి వెళ్లిపోవడం. ఆగిన పిల్లలు పెద్దయ్యాక చదువుల్లో మెరుగ్గా ఉన్నారని తర్వాత రాశారు, దాంతో నిగ్రహం ఉన్నవాడు చిన్నప్పుడే తెలిసిపోతాడు అనే మాట ప్రపంచమంతా పాకింది. మీ ఆయన మాట కూడా ఎక్కడో అక్కడి నుంచి వచ్చిందే అయ్యుండొచ్చు. 2018లో ఇదే విషయాన్ని రకరకాల కుటుంబాలకు చెందిన 900 మందికి పైగా పిల్లల సమాచారంతో మళ్లీ చూస్తే, ఆ సంబంధం సగానికి పడిపోయింది. ఇంటి పరిస్థితులు, తల్లి చదువు లాంటివి కూడా లెక్కలోకి తీసుకున్నాక మిగిలింది చాలా కొంచెం.

నాకు ఇంతకంటే ముఖ్యంగా అనిపించేది 2013లో రోచెస్టర్ యూనివర్సిటీలో సెలెస్ట్ కిడ్ బృందం చేసింది. వాళ్లు మిఠాయి పెట్టడానికి ముందు పిల్లలకు బొమ్మలు వేసే పని ఇచ్చి, ఉండండి ఇంతకంటే మంచి రంగులు తెస్తాను అని చెప్పారు. సగం మంది పిల్లలకు నిజంగానే తెచ్చారు. మిగతా సగానికి ఖాళీ చేతులతో వచ్చి, సారీ, అయిపోయాయి అన్నారు. స్టిక్కర్ల విషయంలోనూ ఇలాగే. ఆ తర్వాత మిఠాయి పరీక్ష పెడితే, మాట నిలబెట్టుకున్న మనిషిని చూసిన పిల్లలు సగటున 12 నిమిషాల దాకా ఆగారు, మాట తప్పిన మనిషిని చూసినవాళ్లు 3 నిమిషాలే. పిల్లలు అందరూ ఒకలాంటివాళ్లే, నిమిషాల్లో వాళ్ల నిగ్రహం మారిపోయింది. ఇచ్చిన మాట నెరవేరదని అనుభవం అయ్యాక ఆగడం తెలివితక్కువ పని కదా, చేతిలో ఉన్నది తినేయడమే మేలు.

ఇప్పుడు మన తెలంగాణ సంగతి చూడు. గ్రూప్-1 ప్రిలిమ్స్ 2022 అక్టోబరులో పెట్టారు, పేపర్ లీకేజీతో రద్దయింది. 2023 జూన్‌లో మళ్లీ పెట్టారు, అదీ హైకోర్టులో రద్దయింది. 2024 జూన్‌లో మూడోసారి. నువ్వు రాద్దామనుకుంటున్న గ్రూప్-2 నోటిఫికేషన్ 2022 డిసెంబరులో 783 పోస్టులకు వచ్చింది, వాయిదాల మీద వాయిదాలు పడి పరీక్ష జరిగింది 2024 డిసెంబరు 15, 16 తేదీల్లో. అశోక్‌నగర్ గదుల్లో, చిక్కడపల్లి లైబ్రరీలో పొద్దున్నుంచి రాత్రి దాకా కూర్చుని చదివిన పిల్లలకే ప్రతి వాయిదాకూ పుస్తకం మూసేయాలనిపించింది. అలాంటిది ఉద్యోగం చేసుకుంటూ ఇల్లు చూసుకునే నీకు రంగులు తెస్తానని వెళ్లి ఖాళీ చేతులతో వచ్చినవాళ్లు కనిపించినట్టు అనిపిస్తే అది సోమరితనం ఎలా అవుతుంది?

పరీక్ష తేదీ నీ చేతుల్లో లేదు, దాన్ని వదిలేయ్. కానీ నీకు నువ్వు ఇచ్చుకునే మాటల సంగతి వేరు. ప్రతి ఒకటో తారీఖునా నీకు నువ్వు ఐదు మాటలు ఇచ్చుకుంటున్నావు, ఆరో తారీఖుకల్లా ఐదూ తప్పుతున్నావు. ఇలా ఎన్ని నెలలుగా జరుగుతోందో నీకే తెలుసు. కిరాణా కొట్లో ఖాతా పెట్టి ప్రతి నెలా ఎగ్గొట్టేవాళ్లకు షాపాయన కొన్నాళ్లకు సరుకు ఇవ్వడు కదా, వచ్చే నెల మొత్తం ఒకేసారి కట్టేస్తానన్నా నవ్వుతాడు తప్ప నమ్మడు. నీ లోపల కూర్చున్న మనిషి కూడా నువ్వు కొత్త టైమ్‌టేబుల్ గీస్తుంటే అలాగే చూస్తోంది. మళ్లీ నమ్మకం కుదరాలంటే పెద్ద మాటలు పనికిరావు, చిన్న మొత్తం చెప్పి, చెప్పిన రోజుకు కట్టడం ఒక్కటే దారి.

అందుకే ఐదింట్లో నాలుగు తీసేయ్. అవును, తీసేయ్. ఐదింటికి లేవడం మొట్టమొదట పోవాలి. నువ్వే రాశావు పన్నెండు దాకా మేలుకుంటానని, మరి ఐదింటికి లేస్తే నిద్ర ఐదు గంటలు. పెద్దవాళ్లకు రోజుకు కనీసం 7 గంటల నిద్ర కావాలని నిద్ర మీద పనిచేసే అమెరికన్ డాక్టర్ల సంఘాలు 2015లో కలిసి చెప్పాయి, మన నానమ్మలు అంతకుముందే చెప్పారనుకో. ఐదు గంటలు పడుకుని నాలుగు రోజులు లాగావంటేనే గొప్ప, ఐదో రోజు ఒళ్లు మొరాయించింది, ఇందులో స్వభావం ప్రసక్తే లేదు. మీ తోటికోడలు నాలుగున్నరకు లేస్తుందని రాశావు, ఎన్నింటికి పడుకుంటుందో రాయలేదు. ఒకసారి అడుగు. తొమ్మిదిన్నరకు దుప్పటి కప్పుకునే మనిషితో నీకు పోటీ ఏంటి, ఇద్దరి రాత్రులు వేరు.

ఇక ఆ రాత్రి ఫోన్. దీని గురించి కాస్త మెల్లగా మాట్లాడుకుందాం, ఎందుకంటే అందరూ దీన్నే తిడతారు. పంజాగుట్టలో మెట్రో ఎక్కి, ఎల్బీనగర్‌లో దిగి, అక్కడి నుంచి ఆటోనో బస్సో పట్టుకుని ఇల్లు చేరేసరికి ఏడున్నర దాటుతుంది అనుకుంటాను. అప్పటి నుంచి వంట, బాబు హోంవర్క్, గిన్నెలు, రేపటి బాక్సుకు కూర. పదిన్నరకు గానీ నడుం వాల్చవు. ఆ పదిన్నర నుంచి పన్నెండు దాకా రోజు మొత్తంలో నిన్ను ఎవరూ ఏదీ అడగని సమయం అదొక్కటే. దాన్ని కూడా లాక్కుని చదువుకు పెట్టాలనుకుంటే నీ మనసు తిరగబడుతుంది, తిరగబడాలి కూడా. కాబట్టి రీల్స్ పూర్తిగా మానేస్తానని ఒట్టు పెట్టుకోకు. ఒక గంట నీదే, చూసుకో, నవ్వుకో. కాకపోతే మంచం మీద వద్దు. ఫోన్ చార్జర్‌ను పడకగదిలోంచి తీసి హాల్లో టీవీ పక్కన పెట్టెయ్, అక్కడే కూర్చుని చూడు, నిద్ర వస్తే అక్కడే పెట్టి లోపలికి వెళ్లు. అలారానికి ఫోన్ కావాలి అంటావా, ఒక మామూలు అలారం గడియారం కొనుక్కో, ఏ ఫ్యాన్సీ షాపులోనైనా దొరుకుతుంది.

ఇది చిన్న చిట్కాలా కనిపిస్తుంది గానీ, దీని వెనకాల సంగతి పెద్దదే. జర్మనీలో విల్‌హెల్మ్ హాఫ్‌మన్, ఆయన తోటివాళ్లు 200 మందికి పైగా పెద్దవాళ్ల దగ్గర పరికరాలు పెట్టి, రోజులో అప్పుడప్పుడూ బీప్ కొట్టి, ఇప్పుడు నీకు ఏం కావాలనిపిస్తోంది, దాన్ని ఆపుకుంటున్నావా అని అడిగారు, 2012లో అచ్చయింది. నిగ్రహం బాగా ఉందనుకునేవాళ్లు రోజంతా కోరికలతో కుస్తీ పడుతుంటారని మనం అనుకుంటాం కదా, తేలింది దాదాపు తిరగేసి ఉంది, వాళ్లకు అసలు అలా కుస్తీ పట్టాల్సిన సందర్భాలే తక్కువ. ఫోన్ చేతికి అందేంత దూరంలో లేదు, అంతే. దిండు పక్కన పెట్టుకుని చూడకుండా ఉండటం చాలా కష్టమైన పని, నేనైతే ఎవరికీ ఆ పరీక్ష పెట్టను.

నాకు విల్‌పవర్ అయిపోతుంది రాత్రికి అని కూడా చాలామంది రాస్తుంటారు. మనోబలం పెట్రోలులా ఖర్చైపోతుందనే ఈ మాటకు మూలం 1998లో రాయ్ బౌమైస్టర్ చేసిన ప్రయోగం, చాక్లెట్ బిస్కెట్లు ఎదురుగా పెట్టి ముల్లంగి మాత్రమే తినమంటే ఆ తర్వాత ఇచ్చిన పజిల్‌ను జనం త్వరగా వదిలేశారట. 2016లో 23 ల్యాబుల్లో రెండు వేల మందికి పైగా మనుషులతో ఈ సిద్ధాంతాన్ని మళ్లీ పరీక్షిస్తే దాదాపు ఏమీ కనిపించలేదు. అలసట నిజం, నిద్రలేమి నిజం. ఆ ట్యాంకు కథను మాత్రం పట్టుకోకు.

సరే, మిగిలిన ఆ ఒక్కటీ ఏది? చదువు అనుకుందాం. ఎప్పుడు చదవాలి? పొద్దున కాదు, రాత్రి కాదు. నీ రోజులో ఎవరి దగ్గరా లాక్కోనక్కర్లేని ముక్క ఒకటుంది, మధ్యాహ్నం ఆఫీసులో లంచ్ టైము. తినడానికి పదిహేను ఇరవై నిమిషాలు, తర్వాత కబుర్లు, ఫోన్. అక్కడ పెట్టు. పీటర్ గోల్‌విట్జర్ అని జర్మన్ సైకాలజిస్టు ఒకాయన చాలా ఏళ్లుగా చెప్పేది ఇదే, చేస్తాను అనుకోవడం వేరు, ఫలానా చోట ఫలానా సంగతి జరగగానే ఫలానా పని చేస్తాను అని ముందే వాక్యం కట్టుకోవడం వేరు. 1997లో ఆయన విద్యార్థులకు ఒక పని ఇచ్చాడు, క్రిస్మస్ ముందురోజు సాయంత్రం ఎలా గడిపారో రెండు రోజుల్లోపు రాసి పంపాలి. ఎప్పుడు ఎక్కడ కూర్చుని రాస్తారో ముందే నిర్ణయించుకున్నవాళ్లలో సుమారు నాలుగింట మూడు వంతుల మంది పంపారు, ఊరికే పంపుతాం అన్నవాళ్లలో సుమారు మూడో వంతే. పండగపూట హోంవర్క్ అంటే అదే ఎక్కువ అనుకో.

నీ వాక్యం ఇలా ఉండొచ్చు: 'నా లంచ్ బాక్సు మూత పెట్టగానే, అదే కుర్చీలో, ఫోన్ డ్రాయర్లో పడేసి, పాలిటీ పుస్తకం రెండు పేజీలు చదువుతాను.' దీనికో తోక కూడా ఉండాలి: 'మధ్యలో ఎవరైనా టీకి పిలిస్తే, పావుగంటలో వస్తాను మీరు వెళ్లండి అంటాను.' ఈ రెండూ కాగితం మీద రాసి సిస్టమ్‌కు అంటించుకో. ఏ రెండు పేజీలో ముందురోజు సాయంత్రమే పెన్సిల్‌తో గుర్తు పెట్టు, కూరగాయలు ముందే తరిగి పెట్టుకుంటావు చూడు, అలాగన్నమాట. మధ్యాహ్నం పుస్తకం తెరిచి 'ఇవాళ ఏం చదవాలి' అని ఆలోచించే పని ఉండకూడదు, ఆ ఆలోచనలోనే సగం రోజులు పోతాయి.

రెండు పేజీలకు గ్రూప్-2 వస్తుందా అని నవ్వుకుంటున్నావేమో. రాదు. ఇది సిలబస్ పూర్తిచేసే పథకం కాదు, ఎగ్గొట్టిన ఖాతా సరిచేసే పని. మూడు వారాలు, నెల అయ్యాక ఆ కుర్చీలో కూర్చోగానే చెయ్యి దానంతటదే పుస్తకం మీదకు వెళ్తుంటే అప్పుడు పేజీలు పెంచు, ఆదివారం మూడు గంటలు కలుపు. మెట్రోలో సాయంత్రం నిలబడటానికే చోటుండదు, పుస్తకం తీయలేవు, కానీ చెవులు ఖాళీయే. నాలుగో పేపర్ తెలంగాణ ఉద్యమం, రాష్ట్ర ఆవిర్భావం కదా, ఆ తేదీలూ కమిటీలూ ఒప్పందాలూ నీ గొంతుతోనే ఫోన్‌లో రికార్డు చేసుకుని పంజాగుట్ట నుంచి మలక్‌పేట దాకా విను. మొదట్లో మన గొంతు మనకే ఎబ్బెట్టుగా ఉంటుంది. తర్వాత సర్దుకుంటుంది. కానీ ఇదంతా రెండో విడత, ఇప్పుడే నెత్తికెత్తుకోకు.

నీ ఉత్తరంలో నాకు నవ్వూ కోపమూ తెప్పించింది ఆ ఒకటో తారీఖు. అకౌంట్స్ చూసే మనిషివి! ఒకటో తారీఖంటే నెలాఖరు క్లోజింగ్ ఇంకా తెగి ఉండదు. 7లోపు టీడీఎస్ కట్టాలి, 11లోపు జీఎస్టీ రిటర్ను జీఎస్టీఆర్-1 వేయాలి, 20లోపు ఇంకో రిటర్ను 3బీ. నీ నెలలో అన్నింటికంటే ఒత్తిడి ఉండే వారాన్ని ఏరి కోరి పట్టుకుని ఐదు కొత్త పనులు మొదలుపెడితే ఐదో రోజు 'ఏదో ఒకటి' అడ్డం పడకేం చేస్తుంది? ఆ ఏదో ఒకటి పేరు క్యాలెండర్‌లో ముందే రాసి ఉంది. 21న మొదలుపెట్టు. రిటర్నులున్న రోజులకు ముందే చిన్న కోటా పెట్టుకో, 6, 7, 10, 11, 19, 20 తేదీల్లో రెండు పేజీల బదులు అర పేజీ. అర పేజీ చదివినా మాట నిలిచినట్టే.

ఇప్పుడు 21 రోజులు. ఇది 1960లో మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే అమెరికన్ ప్లాస్టిక్ సర్జన్ రాసిన మాట నుంచి వచ్చింది, ముఖానికి ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు కొత్త ముఖానికి అలవాటు పడటానికి కనీసం 21 రోజులు పడుతోందని ఆయన గమనించాడు. ఆ 'కనీసం' దారిలో ఎక్కడో రాలిపోయింది, ముక్కు ఆపరేషన్ కాస్తా పాలిటీ పుస్తకానికీ వర్తించేసింది. దీన్ని సరిగ్గా కొలిచినవాళ్లలో ఫిలిప్పా లాలీ ఒకరు, లండన్ యూనివర్సిటీ కాలేజీలో 96 మందితో 12 వారాలు చేశారు, 2009లో వచ్చింది. ఒక పని ఆలోచించకుండా జరిగిపోయే స్థితికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు, కొందరికి 18, మరి కొందరికి లెక్క ప్రకారం 254 దాకా. రోజూ గ్లాసు నీళ్లు తాగడం లాంటివి తొందరగా, వ్యాయామం లాంటివి ఆలస్యంగా. నీకు పనికొచ్చేది ఇంకోటి ఉంది అందులో: మధ్యలో ఒక రోజు తప్పినా ఆ అలవాటు పెరగడంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అంటే నీ ఐదో రోజు మొత్తాన్నీ పాడుచేయలేదు. ఐదో రోజు తప్పాను కాబట్టి పోయింది అని ఆరో రోజు కూడా మానేశావు చూడు, పాడుచేసింది అది.

తప్పిన రోజు తర్వాత ఏం చేయాలో మాత్రం ముందే తేల్చుకో, ఎందుకంటే తప్పుతావు. అందరూ తప్పుతారు. మరుసటి రోజు నాలుగు పేజీలు చదివి అప్పు తీర్చకు, మామూలు రెండే. రాత్రి కూర్చుని నిన్ను నువ్వు తిట్టుకునే కార్యక్రమం కూడా రద్దు. తిట్టుకుంటే పౌరుషం వచ్చి చేస్తాం అని మన ఇళ్లలో గట్టి నమ్మకం, కానీ కెనడాలో కార్ల్‌టన్ యూనివర్సిటీ వాళ్లు 2010లో మొదటి సంవత్సరం విద్యార్థుల మీద చూసింది వేరే. మొదటి పరీక్షకు చదువు వాయిదా వేసినవాళ్లలో, పోనీలే అని తమను తాము క్షమించుకున్నవాళ్లు రెండో పరీక్షకు తక్కువ వాయిదా వేశారు. తిట్టుకుంటే పుస్తకం చూడగానే ఆ తిట్లే గుర్తొస్తాయి, ఇక దాని దగ్గరికి వెళ్లాలనిపించదు, ఫోన్ దగ్గరైతే ఎవరూ తిట్టరు.

బాక్సుకు ఉండి పుస్తకానికి లేనిది ఇంకోటి మిగిలింది, ఎదురుచూసే మనిషి. నీలాగే చదువుతున్నవాళ్లు ఆఫీసులోనో కాలనీలోనో ఒకరైనా ఉంటారు. రోజూ మధ్యాహ్నం రెండింటికి ఒక్క మెసేజ్, 'అయింది' లేదా 'కాలేదు'. కారణాలు రాయొద్దు, సంజాయిషీలు వద్దు, మోటివేషన్ ఫార్వర్డులు అసలే వద్దు. వాట్సాప్ గ్రూపు పెడదామని ఎవరైనా అంటే ఒప్పుకోకు, గ్రూపు పెట్టిన రోజు నుంచి గుడ్ మార్నింగులు తప్ప ఏమీ ఉండవు.

డబ్బు దాచడానికి డిసిప్లిన్ అక్కర్లేదు. జీతం పడిన మర్నాడే ఆటోమేటిగ్గా కట్ అయ్యేలా బ్యాంకులో ఆర్‌డీ పెట్టెయ్, ఐదు వేలు కాదు, రెండు వేలతో. నీ చేతికి రాని డబ్బును నువ్వు ఖర్చు పెట్టలేవు. వాకింగ్ ఇప్పుడు వద్దు, చదువు కుదురుకున్నాక చూద్దాం, మెట్రో మెట్లు ఎక్కుతూనే ఉన్నావు కదా, ప్రస్తుతానికి ఆ మాత్రం చాలు.

ఇక మీ ఆయనతో ఒక మాట మాట్లాడాలి, ఇది తప్పించుకోకు. నీకు డిసిప్లిన్ లేదన్న మనిషి వారంలో రెండు సాయంత్రాలు బాబు హోంవర్క్ చూసుకోవాలి, ఆదివారం పొద్దున తొమ్మిది నుంచి పన్నెండు దాకా బాబు బాధ్యత ఆయనది. గొడవలా అడగకు, సాయంగానూ అడగకు, లెక్క ముందు పెట్టి అడుగు, నువ్వు ఇంటికొచ్చిన నిమిషం నుంచి పడుకునే దాకా ఏ పనికి ఎంత సేపు పడుతుందో ఒక వారం కాగితం మీద రాసి చూపించు, అకౌంట్స్ మనిషివే కదా. ఆ ఆదివారం మూడు గంటలు ఇంట్లో చదవకు, ఇంట్లో ఉంటే కుక్కర్ విజిల్ కూడా నిన్నే పిలుస్తుంది. దిల్‌సుఖ్‌నగర్ వైపు డబ్బు కట్టి కూర్చునే స్టడీ హాళ్లున్నాయి, అలాంటిదేదైనా చూసుకో. చుట్టూ తలలు వంచుకుని చదివేవాళ్లుంటే మనమూ వంచుతాం. ఆయన ఒప్పుకోకపోతే నాకు మళ్లీ రాయి, కానీ అప్పుడు నీ డిసిప్లిన్ గురించి మాత్రం రాయకు, అది వేరే ఉత్తరం.

చివరగా ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. ఇంత పెద్ద ఉత్తరంలో గ్రూప్-2 ఎందుకు కావాలో ఒక్క ముక్క రాయలేదు. ఆ ఉద్యోగం నీకే కావాలా, మీ నాన్నగారి కోరికా, లేక ఇప్పుడున్న ఆఫీసు నుంచి బయటపడితే చాలనా? చివరిదే అయితే ఆ మధ్యాహ్నపు రెండు పేజీలు ఇంకో మంచి కంపెనీకి మారడానికి పనికొచ్చే ట్యాక్స్ పుస్తకంలోవి కూడా కావచ్చు, ఏడాది తిరగకుండా ఫలితం కనిపిస్తుంది. గ్రూప్-2యే కావాలంటే అలాగే చదువు, కాస్త ఆలస్యమవుతుంది, రోజంతా చదివేవాళ్లతో నిన్ను పోల్చుకోకు. 21వ తారీఖులోపు ఈ ఒక్కటి తేల్చుకుని ఆ పుస్తకమే ఆఫీసు డ్రాయర్లో పెట్టుకో.